ఇంత మానుకు ఇంతేనా చెక్క?
(కోత మిల్లు తగవుల వెనుక ఉన్న విజ్ఞానం)

తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని కోత మిల్లు ముందు కాసేపు నిలబడిన వారికి ఒక మాట తరచు వినిపిస్తుంది: “ఏమండీ, ఇంత మాను తెచ్చి పడవేస్తే ఇంతేనా చెక్క?” దానికి మిల్లు యజమాని ఇచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: “మేము దాచుకొనేది ఏముందండీ? మీ ఎదుటనే గదా కోసింది!” ఈ రెండు మాటల మధ్య తగవు పెరుగుతుంది. కొన్నిసార్లు కోత కూలి నిలిచిపోతుంది. కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఉన్న స్నేహాలు చెడిపోతాయి. ఇద్దరూ నిజాయితీపరులే అయినప్పుడు కూడా ఇట్లా ఎందుకు జరుగుతుంది? ఆ కారణాలు పదవ తరగతి విద్యార్థికి అందనివి కావు. రేఖాగణితం కొంత, వృక్షశాస్త్రం కొంత, భౌతికశాస్త్రం కొంత తెలిస్తే చాలును.

కోత మిల్లులో రెండు విధాల పని జరుగుతుంది. అడితిలో కొన్న దుంగలను కోసి, చెక్కగా అమ్మడం మొదటిది. ఇందులో తరుగు ఎంత వచ్చినా అది యజమానిది. కొనేవాడు కంటికి కనిపించే చెక్కకే డబ్బు ఇస్తాడు. రెండవది, ఎవరి కర్రను వారు తెచ్చి, కూలి ఇచ్చి కోయించుకోవడం. గట్టు మీద పెంచిన టేకు, ఇంటి ముందరి వేప, దొడ్డిలోని మామిడి, కాలువ ఒడ్డున పెరిగిన నల్లతుమ్మ, నిద్రగన్నేరు – ఇవన్నీ ఈ విధంగానే మిల్లుకు వస్తాయి. తండ్రి నాటిన చెట్టును కొట్టించి, ఆ కర్రతో కొత్త ఇంటికి ద్వారబంధాలో, కూతురి పెండ్లికి మంచమో చేయించదలచిన మనిషికి ఆ మాను ఒక్కటే ఉంటుంది. కోత తప్పిపోతే మళ్ళీ కోయడానికి వీలులేదు. మిల్లు వారికి వచ్చేది కూలి మాత్రమే. కాని పోయేది పేరు. తగవులు ఎక్కువగా ఈ రెండవ రకం పనిలోనే పుట్టడానికి కారణం ఇదే.

పది అడుగుల దుంగ అంటే ఎంత?

మిల్లులో “అడుగు” అనే మాటకు రెండు అర్థాలున్నవి. పొడవు చెప్పేటప్పుడు అది మామూలు అడుగు. కర్ర ఎంత ఉన్నదో చెప్పేటప్పుడు అది ఘనపుటడుగు. అనగా ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు మందం గల దిమ్మ. సుమారు 28.3 లీటర్ల ఘనపరిమాణం. ఒక ఘనపు మీటరుకు సుమారు 35.3 ఘనపుటడుగులు. ఎవరు ఏ అడుగును గూర్చి చెబుతున్నారో తేల్చుకోకపోతే తగవు అక్కడనే మొదలవుతుంది.

గుండ్రని దుంగను కొలవడానికి మన దేశంలో చిరకాలంగా వాడుకలో ఉన్న పద్ధతిని “పావు చుట్టు” లెక్క అనవచ్చు. దుంగ నడుమ చుట్టుకొలతను టేపుతో తీసుకొంటారు. దానిని 4తో భాగిస్తారు. వచ్చిన దానిని వర్గం చేసి, పొడవుతో గుణిస్తారు. ఎడ్వర్డ్ హోపస్ అనే ఆంగ్లేయుడు 1736లో ఇటువంటి కొలతలకు పట్టికలు ప్రచురించాడు. అందుచేత దీనికి హోపస్ కొలత అని పేరు వచ్చింది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. 10 అడుగుల పొడవు, నడుమ 4 అడుగుల చుట్టు గల దుంగ ఉన్నది. నాలుగవ వంతు చుట్టు 1 అడుగు. దాని వర్గం 1. పొడవుతో గుణిస్తే 10. కనుక ఈ దుంగ హోపస్ లెక్కన 10 ఘనపుటడుగులు.

కాని ఆ దుంగలో నిజంగా ఉన్న కర్ర ఎంత? దానిని స్తంభాకారమని భావించి లెక్క కడితే 12.7 ఘనపుటడుగులు వస్తుంది. అనగా హోపస్ కొలత నిజమైన ఘనపరిమాణంలో 78.5 శాతం మాత్రమే చూపుతుంది. ఈ నిష్పత్తి పై విలువలో సరిగా నాలుగవ వంతు. విద్యార్థులు దీనిని తామే రాబట్టి చూడవచ్చు. పక్కచెక్కలుగా పోయే భాగంలో కొంత ఈ కొలతలోనే తీసివేయబడి ఉన్నదన్న మాట. ఆ తీసివేత చాలినంత ఉన్నదా? ముందు చూద్దాము.

ఇంకొక చిక్కు ఉన్నది. ఏ మానూ మొదటి నుండి చివరి వరకు ఒకే లావు ఉండదు. మన దుంగ మొదట 56 అంగుళాలు, చివర 40 అంగుళాలు, నడుమ 48 అంగుళాలు చుట్టు ఉన్నదనుకొందాము. చెట్టు గల ఆసామి సహజంగా లావైన మొదలు దగ్గర టేపు పెడతాడు. ఆ లెక్కన అది 13.6 ఘనపుటడుగులు. నడుమ కొలిస్తే 10. చివర కొలిస్తే 7కు కొంచెం తక్కువ. కర్ర ఒకటే, టేపు ఒకటే. పెట్టిన చోటును బట్టి అంకె దాదాపు రెట్టింపు వరకు మారిపోయింది. బెరడు మీద కొలిచారా, బెరడు తీసి కొలిచారా అన్నది మరొక తేడా. తుమ్మవంటి మందపాటి బెరడు గల చెట్లలో ఈ తేడాను తక్కువగా చూడరాదు.

వృత్తంలో చతురస్రం

దుంగ గుండ్రన, మనకు కావలసిన దూలం పలకలు తేరినది. వృత్తంలో ఇమిడే అతి పెద్ద చతురస్రపు వైశాల్యం ఆ వృత్త వైశాల్యంలో 63.7 శాతం మాత్రమే. తక్కిన 36.3 శాతం నాలుగు వైపులా పక్కచెక్కలుగా పోతుంది. ఇది ఏ మిల్లు వాడి చేతిలోనూ లేదు. యూక్లిడ్ వచ్చి రంపం పట్టినా ఇంతే.

దీనికి ఒక సులభమైన సూత్రం చెప్పవచ్చు: చుట్టుకొలతను 0.225తో గుణిస్తే, ఆ దుంగలో వచ్చే అతి పెద్ద చదరపు దూలపు భుజం తెలుస్తుంది. 48 అంగుళాల చుట్టుకు 10.8 అంగుళాలు. కనుక ఆ లావు చివరి దాకా నిలిచే దుంగ అయితే 10.8 అంగుళాల చదరంతో, 8.1 ఘనపుటడుగుల దూలం వస్తుంది. చివర 40 అంగుళాలకు సన్నబడిన దుంగ అయితే చదరం 9 అంగుళాలే. అప్పుడు పొడవంతా తేరిన దూలం 5.6 ఘనపుటడుగులు మాత్రమే. మొదలు దగ్గర కొలిచి 13.6 అనుకొన్న వానికి ఈ 5.6 అంకె ఎట్లా మింగుడు పడుతుంది? ఆ అనుమానం సహజమే. కాని అది దొంగతనం వలన వచ్చిన తేడా కాదు. కొలిచిన చోటు వలన, దుంగ ఆకారం వలన వచ్చిన తేడా.

పక్కచెక్కలలో కూడా సన్నని పెండెలు, బద్దలు కొన్ని తీయవచ్చు. నేర్పుగల కోతగాడు దుంగను అటూ ఇటూ దొర్లించి, వంపు ఎటు ఉన్నదో, ముడులు ఎక్కడ ఉన్నవో చూచి మొదటి కోత నిర్ణయిస్తాడు. ఆ మొదటి కోతలోనే సగం పనితనం ఉన్నది. అందుకే కోత మధ్యలో “ఆరు అంగుళాలు వద్దు, ఎనిమిది చేయండి” అని మాట మార్చే ఆసామి తనకు తానే నష్టం చేసుకొంటాడు. మొదటి కోత ఆరు అంగుళాల లెక్కకు వేసినది. ఎనిమిది అంగుళాలకు అది ఒప్పదు.

రంపం తినే కర్ర

పళ్ళెమువలె గుండ్రంగా తిరిగే రంపమూ, పట్టీవలె పొడవుగా తిరిగే బ్యాండు రంపమూ కోత మిల్లులలో కనిపిస్తాయి. ఏ రంపమైనా తాను నడచిన దారిలో ఉన్న కర్రను పొట్టు చేస్తుంది. రంపపు రేకు కర్రలో బిగుసుకొనిపోకుండా పళ్ళను ఒకదానిని కుడికి, ఒకదానిని ఎడమకు కొద్దిగా వంచుతారు. అందుచేత కోత దారి రేకు మందం కంటె ఎక్కువ వెడల్పు ఉంటుంది. గుండ్రని రంపానికి ఇది సుమారు పావు అంగుళం, బ్యాండు రంపానికి సుమారు అంగుళంలో ఎనిమిదవ వంతు అనుకొని లెక్క వేద్దాము.

మన 10.8 అంగుళాల దూలాన్ని అంగుళం మందం పలకలుగా కోయించాలి. గుండ్రని రంపంతో 8 పలకలు వస్తాయి. బ్యాండు రంపంతో 9 వస్తాయి. ఒక్కొక్క పలక 10 అడుగుల పొడవు, 10.8 అంగుళాల వెడల్పు. అనగా ముప్పావు ఘనపుటడుగు. కనుక మొదటి రంపంతో 6 ఘనపుటడుగులు, రెండవ దానితో 6.75 ఘనపుటడుగులు. పది అడుగుల దుంగ ఆరు అడుగుల చెక్క అయింది! తక్కినదంతా కళ్ళ ఎదుటనే ఉన్నది: పక్కచెక్కలు, పొట్టు, ఒక పలకకు చాలని మిగులు ముక్క.

పొట్టు గుట్టను చూచి ఆసామి గుండె బరువెక్కుతుంది. నిజానికి వదులుగా పోసిన పొట్టు, అదే కర్ర గట్టిగా ఉన్నప్పటికంటె రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మధ్యలో ఉన్నది గాలి.

మరి రేకును ఇంకా పలుచన చేయరాదా? పలుచని రేకు కోతలో వేడెక్కి ఊగుతుంది. గట్టి ముడి తగిలితే పక్కకు జారుతుంది. అప్పుడు పలక ఒకచోట అంగుళం, ఇంకొకచోట ముప్పాతిక అంగుళం అవుతుంది. పొట్టు తగ్గించమన్న ఆసామే అప్పుడు మందం సమంగా లేదని వచ్చి నిలదీస్తాడు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు. ఎంత పొట్టు పోయినా సరేనని ఎంత సమమైన పలక కోరుతామో తేల్చుకోవడమే తెలివి.

తాడి మాను లెక్క వేరు

రేపల్లె వైపు తీరప్రాంత గ్రామాలలో తాడి దూలాలు, తాడి వాసాలు పాత ఇండ్లలో చూడవచ్చు. తాడికి ఇంతవరకు చెప్పిన చతురస్రపు లెక్క పనికిరాదు. టేకు, వేప వంటి ద్విదళబీజ వృక్షాలలో విభాజ్య కణావళి ఉండి, ఏటేటా కొత్త దారువును పొరలుగా చేర్చుతుంది. లోపలి దారువు ముదిరి చేవ అవుతుంది. కనుక మాను నడుమ ఉన్నది సాధారణంగా గట్టి కర్ర, వెలుపల ఉన్నది తెల్లచెక్క. తాడి, కొబ్బరి ఏకదళబీజ వృక్షాలు. వాటిలో అటువంటి పొరలు లేవు. గట్టి నాళికా పుంజాలు వెలుపలి వైపు ఒత్తుగా, లోపలి వైపు పలుచగా ఉంటాయి. అందుచేత తాడి మానులో చేవ అంచున ఉన్నది, నడుమ ఉన్నది మెత్తని బొరుగు.

తాడి మానును టేకువలె నాలుగు వైపులా చెక్కి నడుమ దూలం తీస్తే, మంచి కర్రను పారవేసి మెత్తని దానిని ఇంటికి తెచ్చుకొన్నట్లే. అందుకే తాడిని నిలువుగా చీల్చి, వెలుపలి భాగాన్ని వాసాలుగా తీసుకొంటారు. టేకు కోయించిన అనుభవంతో తాడిని కూడా అట్లాగే కోయమని పట్టుబట్టే ఆసామికి ఈ తేడా ముందే చెప్పవలసి ఉంటుంది.

నీరు పోయిన తరువాత

కోత నాడు సరిగా ఉన్న పలక మూడు నెలల తరువాత సన్నబడినదని, డొప్ప తేలినదని మరొక ఫిర్యాదు వస్తుంది. దీనికి కారణం నీరు.

అప్పుడే కొట్టిన చెట్టులో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల లోపలి బోలు భాగంలో కొంత, కణకుడ్యాలలో ఇంకి కొంత. ఎండేటప్పుడు మొదట బోలులోని నీరు పోతుంది. అంతవరకు బరువు తగ్గుతుందే గాని, కొలత దాదాపు మారదు. ఎండిన కర్ర బరువులో సుమారు 25 నుండి 30 శాతం నీరు మిగిలినప్పుడు బోలు ఖాళీ అవుతుంది. కుడ్యాలు మాత్రం నిండుగా ఉంటాయి. దీనిని తంతు సంతృప్త స్థితి అంటారు. ఆ తరువాత పోయే ప్రతి బొట్టూ కుడ్యం నుండే పోతుంది. అప్పుడు కర్ర కుంచించుకొనిపోతుంది.

ఈ కుంచింపు అన్ని దిశలలో ఒకటి కాదు. వార్షిక వలయాల వెంట, అనగా స్పర్శ దిశలో, అది ఎక్కువ. నడిబొడ్డు నుండి బెరడుకు పోయే వ్యాసార్ధ దిశలో సుమారు అందులో సగం. పొడవులో దాదాపు లేనట్లే. నూటికి మూడు పదవ వంతులు కూడా మించదు. కదలిక తక్కువ గల కర్రగా పేరు పొందిన టేకు కూడా పచ్చిగా ఉన్నప్పటి నుండి పూర్తిగా ఎండేసరికి స్పర్శ దిశలో 5 నుండి 6 శాతం, వ్యాసార్ధ దిశలో సుమారు 2.5 శాతం తగ్గుతుంది. ఇంటి వాడకానికి తగినంత, అనగా 12 శాతం తేమ దాకా ఎండితే 12 అంగుళాల టేకు పలక వెడల్పులో సుమారు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు పోతుంది. తలుపులో నాలుగు పలకలు ఉంటే ఒకటిన్నర అంగుళం సందు!

డొప్ప తేలడానికి కూడా ఈ తేడాయే కారణం. పలక అడ్డకొన చూడండి. వలయాలు విల్లువలె వంగి కనిపిస్తాయి. బెరడు వైపు ముఖంలో వలయాలు ముఖానికి సమాంతరంగా ఉండటం చేత అది ఎక్కువ కుంచించుకొంటుంది. కనుక పలక బెరడు వైపుకు గుంట పడుతుంది. వంగిన వలయాలు నిటారు కావడానికి ప్రయత్నిస్తున్నట్లు గుర్తు పెట్టుకొంటే చాలు. వలయాలు ముఖానికి నిలువుగా ఉండేటట్లు కోసిన పలక ఇట్లా వంగదు. కాని ఆ కోతలో వృథా ఎక్కువ, కూలి ఎక్కువ. ఎక్కువ పలకలు కావాలా, వంగని పలకలు కావాలా అనే ప్రశ్నకు జవాబు కోతకు ముందే ఇవ్వాలి.

కర్ర ఎండడం ఎక్కడ ఆగుతుంది? చుట్టూ ఉన్న గాలి తేమను బట్టి. గాలి సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్నచోట కర్రలో సుమారు 16 శాతం నీరు నిలుస్తుంది. 50 శాతం ఉన్నచోట సుమారు 9 శాతం. బాపట్ల సముద్రతీరపు గాలికి సరిపడా ఎండిన అల్మరాను హైదరాబాదులో గాలిని చల్లబరచి పొడిచేసే యంత్రం గల గదిలో పెడితే, ఒక్కొక్క అడుగు వెడల్పుకు అంగుళంలో ఆరవ వంతు దాకా మళ్ళీ తగ్గవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విభజించి, ఏ మండలంలో ఏ పనికి కర్రలో ఎంత తేమ ఉండవచ్చునో నిర్ణయించింది అందుకే. అదే కర్రను పడవకు వాడితే లెక్క తలకిందులు. నీటిలో ఉండే పలక ఉబ్బి పక్క పలకను ఒత్తుకొని సందులు మూసుకోవాలి. నిజాంపట్నం రేవులో కర్ర పడవకు మేలైన పలక, తెనాలిలో తలుపుకు కూడా మేలు కావలెనని లేదు.

ఇక “అంగుళం పలక” అనే మాటను చూడండి. మిల్లు వాని దృష్టిలో అది పచ్చి కర్ర మీద రంపం విడిచిన అంగుళం. ఆసామి దృష్టిలో అది ఎండి, చిత్రిక పట్టి, తలుపుకు ఎక్కిన అంగుళం. ఎండుటకు అంగుళంలో పదహారవ వంతు, రెండు వైపులా చిత్రికకు ఎనిమిదవ వంతు కలిపితే కోత మందం 1 అంగుళం మీద పదహారింట మూడు వంతులు ఉండాలి. అప్పుడు మన దుంగలో బ్యాండు రంపంతో 9కి బదులు 8 పలకలు, గుండ్రని రంపంతో 8కి బదులు 7 పలకలు వస్తాయి. ఒక్క మాటకు ఇద్దరూ రెండు అర్థాలు చెప్పుకొన్నందువలన ఒక పలక తేడా!

ఎండబెట్టడం కోత మిల్లు పని కాదు, ఆసామి పని. కర్ర కొనల నుండి నీరు, ముఖాల నుండి పోయే దానికంటె 10 నుండి 15 రెట్లు వేగంగా పోతుంది. అందుకే కొనలు ముందు పగులుతాయి. కొనలకు రంగో మైనమో పూసి, పలకల మధ్య సమానమైన అడ్డబద్దలు ఒకదానిపై ఒకటి నిలువు వరుసలో వచ్చేటట్లు పెట్టి, నీడలో, గాలి ఆడేచోట పేర్చి, పైన బరువు ఉంచాలి. ఎండలో గోడకు జారవేసిన పలక వంకర పోతే ఆ తప్పు రంపానిది కాదు.

కోస్తుండగానే వంగే పలక

కొన్ని పలకలు ఎండే దాకా ఆగవు. రంపం దాటుతుండగానే విల్లువలె వంగుతాయి. జామాయిలు కోసిన వారికి ఇది బాగా తెలుసు. పెరుగుతున్న మానులో వెలుపలి పొరలు పొడవునా లాగబడి ఉంటాయి. లోపలి భాగం ఒత్తబడి ఉంటుంది. రెండూ సరితూగి ఉన్నంతకాలం మాను నిటారుగా ఉంటుంది. రంపం వచ్చి ఒకదానిని వేరు చేయగానే ఆ తూకం చెడుతుంది. బెరడు వైపు ముఖం కుంచించుకొంటుంది, లోపలి ముఖం సాగుతుంది, పలక వంగుతుంది. దుంగను ఒకవైపే వరుసగా కోయక, రెండు వైపుల నుండి మార్చి మార్చి కోస్తే వంపు కొంత తగ్గుతుంది.

తీరపు గాలికి ఒకవైపు ఒరిగి పెరిగిన చెట్లలో మరొక విశేషం ఉన్నది. అటువంటి మాను పైవైపున, తన్ను తాను నిలుపుకొనడానికి, ఒక ప్రత్యేకమైన దారువును చేర్చుకొంటుంది. దీనిని తన్యతా దారువు అనవచ్చు. దీనిని కోస్తే ముఖం నున్నగా రాక, నూగు నూగుగా లేస్తుంది. ఎండితే పొడవులో కూడా కుంచించుకొంటుంది. రంపం మొద్దుబారినదని ఆసామి అంటాడు. దోషం రంపంలో లేదు, చెట్టు నిలబడిన తీరులో ఉన్నది.

ఈ ప్రాంతానికి తుఫానులు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 1990 మే నెల తుఫాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను చెప్పుకోదగినవి. పెనుగాలికి పడిన చెట్టును ఊరకే పోనీయక కోయించుకోవడం మంచి పనే. కాని గాలికి మాను బలంగా వంగినప్పుడు, వాలిన వైపు తంతువులు లోలోపల నలిగిపోతాయి. కోసిన పలక మీద ఆ నలుగుడు వెండ్రుకవలె సన్నని అడ్డగీతగా కనిపిస్తుంది, ఒక్కొక్కసారి కనిపించదు. అటువంటి పలక బరువు పడితే ముందుగా వంగి హెచ్చరించకుండా, పుటుక్కున విరుగుతుంది. కనుక తుఫానుకు పడిన మానులోని కర్రను దూలాలకు, నిచ్చెనలకు వాడకుండా బల్లలకు, పెట్టెలకు వాడుకోవడం క్షేమం.

చెట్టు దాచిన మేకు

ఇంటి ముందరి చెట్టుకు బట్టల తీగ కడతారు. పండుగకు తోరణపు మేకు కొడతారు. బోర్డు తగిలిస్తారు. పది ఇరవై ఏళ్ళకు అది కనిపించదు. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివరలలోనే. మాను ఉన్నచోటనే లావెక్కుతుంది. అందుచేత మనిషి చేతి ఎత్తున కొట్టిన మేకు ఎన్నేళ్ళయినా ఆ ఎత్తుననే ఉంటుంది, కాని కొత్త పొరల కింద మునిగిపోతుంది. రంపపు పళ్ళు దానిని తాకితే పళ్ళు విరుగుతాయి. ఒక్కొక్కసారి రేకు తెగి, పక్కన ఉన్న మనిషి ప్రాణానికే ముప్పు వస్తుంది. విరిగిన రేకు ఖర్చు ఎవరిది అన్న తగవు ఆ తరువాత!

చెట్టు ఇందుకు ఒక గుర్తు ఇస్తుంది. తుమ్మ, టేకు మొదలైన కర్రలలో టానిన్లు అనే పదార్థాలున్నవి. ఇనుము టానిన్లతో కలిసి నీలినలుపు రంగు ఇస్తుంది. పూర్వం సిరా చేసినది ఈ చర్యతోనే. దుంగ కొనలో నీలినలుపు మరక కనిపిస్తే లోపల ఇనుము ఉన్నదని అనుమానించాలి. లోహాన్ని పసిగట్టే చిన్న పరికరం కూడా నేడు దొరుకుతుంది. ఇంటి చెట్టు తెచ్చిన ఆసామి ఎక్కడెక్కడ మేకులు కొట్టారో జ్ఞాపకం చేసుకొని చెప్పడం ఏ పరికరానికీ తీసిపోదు.

కోతకు ముందు తేల్చుకోవలసినవి

చెట్టును కొట్టడానికి ముందు అనుమతి సంగతి చూచుకోవాలి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం చెట్ల నరికివేతను కూడా నియంత్రిస్తుంది. తరువాత మిల్లులో ఈ ప్రశ్నలు వేసుకోవాలి.

దుంగను ఎక్కడ కొలుస్తాము – మొదటనా, నడుమనా, చివరనా? బెరడుతోనా, బెరడు తీసియా? కూలి దుంగ కొలత మీదనా, వచ్చిన చెక్క మీదనా? చెప్పిన మందం పచ్చి కోత మందమా, ఎండి చిత్రిక పట్టిన మందమా? పక్కచెక్కలు, పొట్టు ఎవరివి? లోపల మేకు దొరికితే రేకు ఖర్చు ఎవరిది? ఏ వస్తువు చేయించడానికి ఈ కర్ర?

ఈ జవాబులను ఒక చీటీ మీద వ్రాసి, ఇద్దరూ ఒక్కొక్క ప్రతి ఉంచుకొంటే మంచిది. దుంగ చివరి చుట్టును 0.225తో గుణించి, ఎంత చదరం వస్తుందో కోతకు ముందే ఆసామి చేతనే లెక్క కట్టించిన మిల్లు యజమానికి, కోత తరువాత వాదించే అవసరం చాలవరకు ఉండదు. మనిషికి కోపం తెప్పించేది తరుగు కంటె, తనకు ముందుగా తెలియని తరుగు.

తరగతిలో చేయదగినవి

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని మూడు చిన్న ప్రయోగాలతో చూపవచ్చు. మొదటిది: దళసరి అట్టతో ఒకే కొలత గల పది వృత్తాలు కత్తిరించి త్రాసులో తూచాలి. తరువాత ఒక్కొక్క దానిలో అతి పెద్ద చతురస్రాన్ని కత్తిరించి, ఆ పదింటినీ తూచాలి. రెండు బరువుల నిష్పత్తి సుమారు 0.64 వస్తుంది.

రెండవది: అప్పుడే నరికిన కొమ్మ నుండి చిన్న దిమ్మ కోయించి, వెంటనే తూచి, వారానికి ఒకసారి బరువు, వెడల్పు, పొడవు కొలిచి గ్రాఫు గీయాలి. మొదట బరువు మాత్రమే తగ్గుతుంది. కొంతకాలం తరువాత వెడల్పు తగ్గసాగుతుంది. పొడవు మాత్రం దాదాపు కదలదు. తంతు సంతృప్త స్థితి ఆ గ్రాఫులోనే కనిపిస్తుంది.

మూడవది: తుమ్మ బెరడును నీటిలో నానవేసి, ఆ నీటిలో తుప్పు పట్టిన మేకు ఒకటి వేయాలి. మరునాటికి నీరు నల్లబడుతుంది.

ఈ ప్రయోగాలు చేసిన విద్యార్థి ఇంటిలో చెట్టు కొట్టిననాడు తండ్రితో పాటు కోత మిల్లుకు వెళ్ళాలి. టేపు చివరి కొన దగ్గర పెట్టించి, చుట్టును 0.225తో గుణించి, “నాన్నా, ఇందులో తొమ్మిది అంగుళాల దూలమే వస్తుంది” అని కోతకు ముందే చెప్పగలిగితే, ఆ రోజు ఆ మిల్లులో ఒక తగవు తప్పినట్లే.